నలుగురిలో ముందు ఎవరి దగ్గరికి? (మెడికల్ సర్జికల్ వార్డు ప్రయారిటీలు, డిశ్చార్జ్ రోజు చెప్పాల్సినవి)

సిరి_కొత్తస్టాఫ్ | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఈమధ్యే సికింద్రాబాద్ వైపు ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో చేరాను, మెడికల్ సర్జికల్ వార్డు. పక్కన పరీక్షలకీ చదువుతున్నా. ప్రయారిటీ ప్రశ్న వచ్చిందంటే నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ కింది ప్రశ్న మీద పెద్ద గొడవే అయింది. పొద్దున హ్యాండోవర్ తీసుకున్నారు, నలుగురూ మీ పేషెంట్లే. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

బెడ్ 3: 58 ఏళ్లాయన, కాలికి షుగర్ పుండు. డ్రెస్సింగ్ అవ్వలేదు. జీఆర్‌బీఎస్ (వేలి రక్తంలో చూసే షుగర్) 268. ఇన్సులిన్, టిఫిన్ రెండూ లేటయ్యాయని వార్డంతా వినబడేలా అరుస్తున్నాడు.

బెడ్ 5: 45 ఏళ్లావిడ. నిన్న థైరాయిడ్ మొత్తం తీసేశారు. పెదాల చుట్టూ, వేళ్ల చివర్లు తిమ్మిరిగా ఉన్నాయంటోంది.

బెడ్ 8: 70 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు). ముక్కు గొట్టంతో 2 లీటర్ల ఆక్సిజన్. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90.

బెడ్ 11: 62 ఏళ్లు, హార్ట్ ఫెయిల్యూర్, లాసిక్స్ (నీరు లాగే మందు) నడుస్తోంది. రాత్రి రెస్పిరేటరీ రేటు (నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి) 20, ఇప్పుడు 28. శాచురేషన్ 93. పడుకోడు, ఊరికే లేచి కూర్చుంటాడు. "రాత్రంతా విసిగించాడు" అని నైట్ సిస్టర్ చెప్పి వెళ్లింది.

ఫైనల్‌ఇయర్_పావని | సోమవారం రాత్రి 9:20

బెడ్ 8 కదా అక్కా. 90 అంటే అందరికన్నా తక్కువ. ఆక్సిజన్ పెంచి డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

నల్లగొండ_బ్రదర్ | సోమవారం రాత్రి 9:41

పావనీ, ఆగు తల్లీ. ఆ పెద్దాయనకు 90 అంటే రోజూ ఉండే అంకెనే. కార్బన్ డయాక్సైడ్ నిల్వ ఉండిపోయే సీఓపీడీ పేషెంట్లకు 88 నుంచి 92 మధ్యల ఉంచుమని ఆర్డర్ల రాస్తరు. నువ్వు పోయి 6 లీటర్లకు తిప్పినవనుకో, మానిటర్ల 98 కనబడ్తది, నువ్వు ఖుష్ అయితవ్. ఆయన మాత్రం గంటకో గంటన్నరకో మత్తుగ జారిపోతడు. నిద్రపోతుండని మనమూ అనుకుంటం.

నా ఓటు 11కే. అంకె ఎంతున్నదని కాదు, రాత్రికీ పొద్దుటికీ ఎంత మారిందనేది చూడాలె. 20 నుంచి 28కి పోయింది. 93 జూసి మోసపోవద్దు, ఆ 93ని నిలబెట్టుకోనీకే మనిషి నిమిషానికి 28 సార్లు గుంజుకుంటుండు.

రాత్రిడ్యూటీ_ఐసీయూ | సోమవారం రాత్రి 11:05

బ్రదర్ చెప్పిందానికి నాదో మాట. "విసిగించాడు", "మాట వినట్లేదు", "మాస్కు పీకేస్తున్నాడు": హ్యాండోవర్‌లో ఈ మాటలు వినబడితే నేను నేరుగా ఆ బెడ్ దగ్గరికే నడుస్తాను. ఆక్సిజన్ తగ్గినప్పుడు పెదాలు నీలం తిరగడం చివర్లో వస్తుంది, మనిషి అస్థిమితపడటం మొదట్లోనే వస్తుంది. పెద్దవయసువాళ్లలో అయితే కొన్నిసార్లు ఆ గందరగోళం ఒక్కటే లక్షణం. నిద్రమాత్ర ఇప్పించమని అటెండెంట్ అడుగుతాడు, పని ఒత్తిడిలో మనకూ అదే నయమనిపిస్తుంది. ఊపిరి లెక్కపెట్టకుండా ఆ మాత్ర అడగొద్దు.

లెక్కపెట్టడం అంటే పూర్తిగా ఒక నిమిషం. ఏ వార్డు చార్టులైనా తిరగేయండి, రెస్పిరేటరీ రేటు గడిలో అందరికీ 18 లేదా 20 ఉంటుంది, ఎవరో రబ్బరు స్టాంపు కొట్టినట్టు. బీపీకి మెషిన్ ఉంది, శాచురేషన్‌కి క్లిప్ ఉంది. ఊపిరికి మన కళ్లే దిక్కు కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. మనిషి దిగజారుతున్నాడని అన్నిటికన్నా ముందు చెప్పేది ఆ అంకే. నాడి పట్టుకున్నట్టు చెయ్యి మణికట్టు మీదే ఉంచి పొట్ట, ఛాతీ వైపు చూడండి. లెక్కపెడుతున్నామని తెలిస్తే వాళ్లు ఊపిరి మార్చేస్తారు.

సిరి_కొత్తస్టాఫ్ | సోమవారం రాత్రి 11:30

మా గ్రూపులో సగంమంది 5 అన్నారు. ఎయిర్‌వే ముందు, తర్వాతే బ్రీతింగ్ అని నేర్పారు కదా? థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత తిమ్మిరి అంటే కాల్షియం పడిపోయినట్టు, స్వరపేటిక బిగుసుకుంటే గాలిదారి మూసుకుపోతుంది. మరి 5 ఎందుకు ముందు కాదు?

థియరీ_మేడం | మంగళవారం ఉదయం 6:48

మంచి ప్రశ్న సిరీ. ఏ, బీ, సీ (ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్) క్రమాన్ని మంత్రంలా వల్లిస్తే వచ్చే చిక్కు ఇదే. 5కి గాలిదారి ప్రమాదం రావచ్చు. 11కి ఊపిరి ప్రమాదం వచ్చేసింది. వచ్చేసినది, రాబోయేదానికన్నా ముందు.

అలాగని 5ని గంటసేపు వదిలేయమని కాదు. 11 దగ్గరికి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి "అమ్మా, మీ పేరు చెప్పండి" అని అడుగు. గొంతు స్పష్టంగా పలికితే, ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం లేకపోతే కొన్ని నిమిషాలు దొరికినట్టే. ఆ శబ్దం ఉంటే మాత్రం లెక్క మొత్తం తిరగబడుతుంది, ఆవిడే మొదటి పేషెంట్. పక్కనున్న సిస్టర్‌ని ఆవిడ దగ్గర పెట్టి వెళ్లు. మెడ మీది డ్రెస్సింగ్ పొడిగా ఉందని సంబరపడకుండా మెడ వెనక్కి చెయ్యి పెట్టి చూడమను. పడుకున్న మనిషి రక్తం కిందికి జారి దిండులో ఇంకుతుంది. కాల్షియానికి శాంపిల్, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్, కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం. ఇమ్మంటే నెమ్మదిగా, మానిటర్ పెట్టుకుని ఇవ్వాలి. చెవి ముందు వేలితో తడితే మూతి కండరం అదరడం, బీపీ కఫ్ బిగించి 3 నిమిషాలు ఉంచితే చెయ్యి వంకర తిరగడం, ఈ రెండూ పరీక్షల్లో తరచూ అడుగుతారు. వార్డులో మాత్రం తిమ్మిరి అన్న మాట చాలు, వాటికోసం ఆగక్కర్లేదు.

3వ బెడ్ ఆయన అరుస్తున్నాడంటే గాలిదారి బాగున్నట్టే కదా! సరదాకి అన్నా గానీ ఆయన్నీ పట్టించుకోవాలి. "పది నిమిషాల్లో నేనే వస్తా" అని ముఖం చూపించి చెబితే సగం తగ్గుతాడు. టిఫిన్ ప్లేటు మంచం దగ్గరికి రాకుండా మాత్రం ఇన్సులిన్ చేయొద్దు. అరుపులకి జడిసి ఇంజెక్షన్ ముందు ఇచ్చేసి, ప్లేటు ముప్పావుగంట లేటైతే అప్పుడు నిజంగా ఎమర్జెన్సీ అవుతుంది.

ఫైనల్‌ఇయర్_పావని | మంగళవారం ఉదయం 7:15

11 దగ్గరికి వెళ్లాక ఏం చెయ్యాలి మేడం? పుస్తకంలో "అసెస్ చేయండి" అని ఉంటుంది అంతే.

నల్లగొండ_బ్రదర్ | మంగళవారం ఉదయం 7:52

మేడం క్లాసుల ఉంటరు, నేను చెప్త. ముందుగాల మంచం తల ఎత్తి కూసోబెట్టు, కాళ్లు కిందికి వేలాడనియ్యి. ఆర్డరున్నంత ఆక్సిజన్ నిజంగ పోతుందా, పైపు మంచం కింద మడత పడ్డదా చూడు. సెలైన్ ఏమన్న స్పీడుగ పోతుంటే ఆపు. హార్ట్ ఫెయిల్యూర్ మనిషికి ఒకదిక్కు లాసిక్స్, ఇంకోదిక్కు యాంటీబయాటిక్ పేరుమీద సీసాలకు సీసాలు ఎక్కుతుంటయి, ఎవరూ కూడరు. వీపు కింద స్టెత్ పెట్టి విను. యూరిన్ బ్యాగు చూడు. మనిషిని ఇడిసిపెట్టి ఫోన్ దగ్గరికి ఉరకకు, ఎవర్నన్న పిలువు.

ఫోన్ల "సార్, 11 బెడ్ బాలేదు సార్" అంటే ఆయన "వస్తున్న" అంటడు, రాడు. గిట్ల చెప్పు: "సార్, మెడికల్ వార్డు నుంచి సిరిని. బెడ్ 11, 62 ఏళ్లు, హార్ట్ ఫెయిల్యూర్. రాత్రి రేటు 20, ఇప్పుడు 28. కూర్చుంటేనే ఊపిరి ఆడుతోంది. రెండువైపులా కింద గరగర ఉంది. ఆరు గంటల్లో యూరిన్ 120 ఎంఎల్లే. మళ్లీ నీరు చేరుతోందనిపిస్తోంది. మీరిప్పుడే వచ్చి చూడాలి. వచ్చేలోపు ఏం మొదలుపెట్టమంటారు?" ఆఖరి ప్రశ్న ముఖ్యం, దానికి జవాబు చెప్పకుండ ఫోన్ పెట్టలేడు. చెప్పిన ఆర్డర్ని తిరిగి చదివి వినిపించి, టైం ఏసి రాయి.

గచ్చిబౌలి_టెకీ | మంగళవారం ఉదయం 9:30

నేను నర్సుని కాదు, మా నాన్నగారికి సీఓపీడీ, ఇంట్లో సిలిండర్ ఉంది. పైన 88–92 చదివి భయమేసింది. ఆయాసమొస్తే అమ్మ 5కి తిప్పేస్తుంది. ఎవరూ మాకు చెప్పలేదే!

రాత్రిడ్యూటీ_ఐసీయూ | మంగళవారం ఉదయం 10:10

మీ అమ్మగారిది ప్రేమే అండీ, వార్డులోనూ ఇదే చేస్తారు. మేం అటు తిరగ్గానే అటెండెంట్ వచ్చి నాబ్ తిప్పుతాడు, "2 పెడితే ఏం సరిపోతుంది" అని. మీ నాన్నగారికి ఎంత అంకె ఉండాలో, ఎన్ని లీటర్లో మీ పల్మనాలజిస్టుని అడిగి కాగితం మీద రాయించుకుని సిలిండర్‌కే అంటించండి. ఆయాసం వచ్చినప్పుడు ముందు కూర్చోబెట్టి, మోచేతులు బల్ల మీదో దిండు మీదో ఆన్చి, ముక్కుతో పీల్చి, దీపం ఆర్పకుండా వణికించేంత మెల్లగా పెదాలు సున్నా చుట్టి వదలమనండి. పీల్చేదానికి రెట్టింపు సేపు వదలాలి. రాసిచ్చిన పఫ్ తీసుకోవాలి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే, మాట పూర్తిచేయలేకపోతే, మత్తుగా ఉంటే, ఇంట్లో ప్రయోగాలు వద్దు, 108కి ఫోన్ చేయండి. సిలిండర్ ఉన్న గదిలో దేవుడి దీపం, అగరబత్తి, బీడీ ఏదీ ఉండకూడదు.

సిరి_కొత్తస్టాఫ్ | మంగళవారం మధ్యాహ్నం 3:05

టెకీ గారి మాటతో అసలు అడగాల్సింది గుర్తొచ్చింది. డిశ్చార్జ్ రోజు పేషెంట్ ఎడ్యుకేషన్ అని ఫారం ఉంటుంది, టిక్ పెట్టి సంతకం తీసుకుంటాం. బిల్లింగ్ వాళ్లు ఒకపక్క, కిందకి వచ్చేసిన క్యాబ్ వాడి ఫోన్ ఒకపక్క. ఐదు నిమిషాల్లో ఏం చెబుతాం? చెప్పినా తలూపి వెళ్తారు, పదిహేను రోజుల్లో అదే మనిషి అదే ఆయాసంతో మళ్లీ అదే బెడ్‌లో.

థియరీ_మేడం | మంగళవారం రాత్రి 8:22

డిశ్చార్జ్ రోజు మొదలుపెడితే ఐదు నిమిషాలే ఉంటాయి. అడ్మిషన్ రోజు నుంచే మొదలుపెడితే ప్రతి ఇంజెక్షనూ, ప్రతి బరువు చూడటమూ పాఠమే. లాసిక్స్ ఇస్తూ "ఇది నీరు లాగే మందు, అందుకే పొద్దున ఇస్తున్నాం, రాత్రి వేసుకుంటే నిద్ర ఉండదు" అనడానికి ఎంతసేపు పడుతుంది?

ఎవరికి చెబుతున్నామనేది ఇంకా పెద్ద విషయం. పేషెంట్‌కి చెబుతాం, పక్కనున్న కొడుక్కి చెబుతాం. వంట చేసేది కోడలు, ఆవిడ హాస్పిటల్‌కే రాలేదు. పొద్దున ఉన్న అటెండెంట్ సాయంత్రం ఉండడు, రాత్రి బావమరిది వస్తాడు. ఉప్పు గురించి కొడుక్కి చెప్పిన పాఠం గాలికి పోయినట్టే. నేను స్టూడెంట్లతో మొదట అడిగించేది ఒకటే: ఇంట్లో వంట ఎవరు, మందులు ఇచ్చేది ఎవరు, ఇంజెక్షన్ చేసేది ఎవరు? ఆ చేతులకి నేర్పండి. రాలేకపోతే స్పీకర్ పెట్టి ఫోన్‌లో చెప్పండి.

హార్ట్ ఫెయిల్యూర్‌కి మూడు విషయాలు దాటి చెప్పను. బరువు: పొద్దున లేచి, బాత్రూంకి వెళ్లొచ్చి, టిఫిన్‌కి ముందు, అదే మెషిన్ మీద, దాదాపు అవే బట్టల్లో. క్యాలెండర్ గడిలో రాయాలి. రోజులో కిలో పైన, లేదా వారంలో 2 కిలోల పైన పెరిగితే అది తిండి బరువు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఆరోజే ఫోన్ చేయాలి. రెండోది, రాత్రి దిండ్లు పెరుగుతున్నాయా, పాదాల మీద నొక్కితే గుంట పడుతోందా. మూడోది ఉప్పు.

ఉప్పు దగ్గరే అందరూ బోల్తా పడతారు. "కూరలో ఉప్పు తగ్గించాం మేడం" అంటారు. నిజంగానే తగ్గిస్తారు. చప్పగా ఉందని ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ పక్కన చేరతాయి. రోజుకి మొత్తం కలిపి 5 గ్రాములు, అంటే ఒక చెంచా. అందులోనే మజ్జిగలో వేసుకున్నదీ, బేకరీ నుంచి తెచ్చిందీ లెక్క. పదార్థాల పేర్లు అడగకండి, "నిన్న పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం తిన్నారు" అని అడగండి, ఆవకాయ దానంతట అదే బయటికొస్తుంది.

ఫార్మసీ_శ్రీను | మంగళవారం రాత్రి 9:03

మేడం, ఉప్పు మాట వచ్చింది కాబట్టి. లో సోడియం సాల్ట్ అని ప్యాకెట్లు వస్తున్నాయి, గుండె పేషెంట్ల ఇళ్లవాళ్లు మంచిదని కొంటున్నారు. అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి వాడేవాళ్లకి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డాక్టర్‌ని అడక్కుండా కొనొద్దని సిస్టర్లు చెబితే మంచిది, మేం కౌంటర్‌లో చెబితే అమ్మకం ఇష్టం లేదనుకుంటారు.

ఉప్పల్_కూతురు | బుధవారం ఉదయం 8:40

ఇక్కడ అడగొచ్చో లేదో. మా అమ్మకి గుండెలో మైట్రల్ వాల్వ్ మార్చారు, మెటల్ వాల్వ్. అసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వాడుతోంది. ఆకుకూరలు పూర్తిగా మానేయమన్నారు. గోంగూర లేకుండా మా అమ్మ ఉండలేదు, మానేసి నీరసపడిపోయింది. ఎప్పుడో ఓర్వలేక వరసగా రెండు రోజులు పాలకూర, గోంగూర తింటుంది. ఐఎన్‌ఆర్ (ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఒకసారి 4, ఒకసారి 1.6. ఏం చెయ్యాలి?

రాత్రిడ్యూటీ_ఐసీయూ | బుధవారం ఉదయం 11:16

అడగొచ్చమ్మా. మీ అమ్మగారి ఐఎన్‌ఆర్ ఊగడానికి ఆ తినడం–మానడం కూడా కారణం కావచ్చు. ఆకుకూరల్లో విటమిన్ కే ఉంటుంది, మందు పనిచేసేది దాన్ని అడ్డుకునే. పూర్తిగా మానితే మందు ఎక్కువైనట్టు, ఒక్కసారిగా తింటే మందు తగ్గినట్టు అవుతుంది. మానడం కాదు, వారం వారం దాదాపు ఒకేలా తినడం కావాలి. అదే లెక్కకి డాక్టర్ డోసు సరిచేస్తారు. "వారానికి రెండుసార్లు, ఒక చిన్న కప్పు ఆకుకూర తింటుంది, దానికి తగ్గట్టు డోసు చెప్పండి" అని వచ్చే విజిట్‌లో అడగండి. మీకై మీరు మాత్ర తగ్గించడం, పెంచడం చేయొద్దు. మైట్రల్ మెటల్ వాల్వ్‌కి మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు, మీ అమ్మగారికి ఎంతని రాశారో ఆ ఫైల్లోదే ప్రమాణం. 1.6 అంటే వాల్వ్ మీద గడ్డ కట్టే భయం ఉంది, వాయిదా వేయకుండా చూపించండి.

ఇంకా: మాత్ర రోజూ ఒకే టైంకి. మర్చిపోతే ఆరోజే గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి వేయకూడదు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లో, బ్రూఫెన్ అడిగి వేసుకోవద్దు. పన్ను పీకించుకునే ముందు, కండరానికి ఇంజెక్షన్ చేస్తామన్నప్పుడు ఈ మందు సంగతి చెప్పాలి. నల్లటి మలం, ఎర్రటి యూరిన్, ఆగని ముక్కు రక్తం, పడి తలకి దెబ్బ తగలడం, వీటిలో ఏదైనా సరే ఎమర్జెన్సీకే. తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా.

ఉప్పల్_కూతురు | బుధవారం ఉదయం 11:50

చాలా థాంక్స్ మేడం. ఈరోజే అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నా. మోకాళ్ల నొప్పి మాత్రలు... అవి కూడా నడుస్తున్నాయి.

రాత్రిడ్యూటీ_ఐసీయూ | బుధవారం ఉదయం 11:58

ఆ స్ట్రిప్పులు కూడా బ్యాగులో వేసుకుని వెళ్లండి. ఇంకేమీ చెప్పకపోయినా అవి చూపించండి.

చార్మినార్_సిస్టర్ | బుధవారం సాయంత్రం 6:30

మందుల కవర్ మీద 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి) అని రాస్తాం కదా. మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో చదువురాని పెద్దవాళ్లు చాలామంది. ఒక ముసలావిడ కవర్ నాకు చూపించి "ఇది ఏ బస్సు నంబరు బేటీ" అని అడిగింది. ఇప్పుడు మేం స్కెచ్ పెన్నుతో స్ట్రిప్ వెనకే సూర్యుడు, చంద్రుడు గీస్తున్నాం. అన్నం ముందైతే ఖాళీ పళ్లెం, తర్వాతైతే నిండు పళ్లెం. అత్తయ్యగార్లు స్ట్రిప్‌ని కత్తెరతో ఒక్కో మాత్రగా కోసి డబ్బాలో పోసుకుంటారు, పేరూ ఎక్స్‌పైరీ రెండూ పోతాయి. అది కూడా చెప్పాలి.

రంజాన్ ముందు మా ఓపీలో షుగర్ పేషెంట్లకి ప్రత్యేకంగా చెబుతాం. ఉపవాసం ఉండొచ్చా లేదా అన్నది ఒక నెల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, మందుల టైమింగ్ మార్చాల్సి ఉంటుంది. ఉంటే మాత్రం మధ్యలో షుగర్ చూసుకోవాలి. 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే విడిచేయాలి. వేలికి సూది గుచ్చితే రోజా పోతుందని భయపడేవాళ్లతో నేను వాదించను, మీ మసీదు మౌలానాని అడిగి రండి అంటాను. వచ్చి "పరవాలేదన్నారు" అని చెప్పినవాళ్లే ఎక్కువ. ఇఫ్తార్‌లో షర్బత్, హలీం, పైన డబుల్ కా మీఠా, రాత్రికి 400. సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) మానేసి పడుకోవడం ఇంకో ప్రమాదం.

ఫైనల్‌ఇయర్_పావని | బుధవారం సాయంత్రం 7:02

షుగర్ పడిపోతే మూడు చెంచాల పంచదార, పదిహేను నిమిషాలకి మళ్లీ చెకప్, ఇది పరీక్షకి కంఠస్థం. సరేనా?

ఫార్మసీ_శ్రీను | బుధవారం రాత్రి 8:15

సరే, ఒక మెలికతో. వోగ్లిబోస్ కలిసిన షుగర్ మాత్రలు మన దగ్గర చాలామంది వాడతారు. ఆ మందు పంచదారని పేగులో విడగొట్టనివ్వదు, కాబట్టి వాళ్లకి పంచదార ఆలస్యంగా పనిచేస్తుంది, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఇంట్లో ఒక డబ్బా ఉంచుకోమని చెప్పండి. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది, అదీ ఆలస్యమే. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. బీపీకి మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకి వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఏసీలో కూర్చున్న మనిషికి చెమట పట్టిందంటే షుగర్ చూడాలి.

ఇన్సులిన్ సిరంజి సంగతి అంతకన్నా ముఖ్యం. మన దగ్గర వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత. 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత. షాపులో ఎర్రది అయిపోయిందని నారింజది ఇస్తే, 20 గీత దాకా లాగినా లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. వారం తర్వాత షుగర్ 350, "తిండి మానుకోవట్లేదు" అని పేషెంట్‌ని తిడతాం. తిరగేసి, 100 యూనిట్ల మందుని ఎర్ర సిరంజితో 20 గీతకి లాగితే 50 యూనిట్లు వెళ్తుంది. అది ప్రాణం మీదికి వస్తుంది. పెన్ను కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది అస్సలు వద్దని చెప్పండి. సీసా మీది అంకె, సిరంజి మూత రంగు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి.

సిరి_కొత్తస్టాఫ్ | బుధవారం రాత్రి 10:20

ఇది మాకు ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. వాళ్లకి నిజంగా అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి? "అర్థమైందా" అంటే అందరూ "ఆఁ సిస్టర్" అంటారు.

నల్లగొండ_బ్రదర్ | గురువారం ఉదయం 6:55

"అర్థమైందా" అని అడుగుడే బందు పెట్టు. "ఇంటికి పొయినంక మీ కోడలు అడుగుతది గద, ఏం చెప్పిన్రని. ఆమెకు ఎట్ల చెప్తరో నాకు చెప్పుండ్రి" అను. తప్పు చెప్తే "నేను సక్కగ చెప్పలేదు, మళ్ల చెప్త" అనాలె, వాళ్లను పరీక్ష పెట్టినట్టు ఉండొద్దు. చేతి పని అయితే చేసి చూపెట్టమను. ఇన్సులిన్ లాగి చూపెట్టాలె, పఫ్ పీల్చి చూపెట్టాలె.

ఆపరేషన్ పేషెంట్లకు మూడు బాల్స్ డబ్బా ఇస్తం గద, ఊపిరితిత్తులకు. సగంమంది దాన్ని బుగ్గలు ఉబ్బించి ఊదుతరు. బాల్స్ లేవవు, "ఖరాబైంది" అని పక్కన పెడతరు, మనుమడు ఆడుకుంటడు. పీల్చాలె అని నోటితో చెప్తే ఎక్కదు. జ్యూస్ స్ట్రాతో తాగినట్టు గుంజమని ఆపరేషన్‌కు ముందురోజే ఒకసారి చేయించాలె. ఆపరేషన్ అయినంక కుట్ల నొప్పిల ఎవరూ కొత్తగ నేర్చుకోరు. నొప్పి మందు పనిచేస్తున్న టైంల, దిండు కుట్ల మీద ఒత్తిపట్టుకుని, గంటకు పదిసార్లు.

థియరీ_మేడం | గురువారం ఉదయం 7:30

పరీక్షలకి రాసేవాళ్ల కోసం ఒక ముక్క. మందు ఇవ్వడం, పాఠం చెప్పడం రెండూ ఆప్షన్లలో ఉన్నప్పుడు పేషెంట్ స్థిరంగా లేకపోతే పాఠం ఎప్పుడూ ముందు కాదు. ఆయాసంలో ఉన్నవాడికి ఉప్పు గురించి చెబితే వినడు. మొదటి పాఠం, పేషెంట్‌ని అంచనా వేయడం, ఈ రెండింటినీ నర్సింగ్ ఎయిడ్‌కి అప్పగించే ఆప్షన్ కూడా తప్పే. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్‌లో (అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష) కేసు ఇచ్చి దాని మీద ఆరు ప్రశ్నలు అడుగుతున్నారు, అక్కడ కూడా ఏది మారింది, ఏది ముందు అన్నదే అడిగేది.

మెదక్_టు_కూకట్‌పల్లి | గురువారం మధ్యాహ్నం 1:44

శ్రీను అన్నా, నాదొక డౌటు. అమ్మ ఇన్సులిన్ మీద ఉంది, ఎండాకాలం ఊరికి పోతే ఫ్రిజ్ ఉండదు, కరెంటు కూడా సరిగ ఉండదు. మందు ఎట్ల పెట్టాలె?

ఫార్మసీ_శ్రీను | గురువారం మధ్యాహ్నం 2:20

తెరవని వయల్స్ ఇక్కడే మీ ఫ్రిజ్‌లో ఉంచండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య, డోర్‌లో గానీ మధ్య అరలో గానీ. ఫ్రీజర్‌లో వద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఊరికి వాడుకునే వయల్ ఒక్కటే తీసుకెళ్లండి. తెరిచినది మామూలు గది చల్లదనంలో చాలా రకాలు 28 రోజులు ఉంటాయి, మీదాని కాగితంలో ఎంతుందో చూడండి. 40 డిగ్రీల ఎండలో అది గది చల్లదనం కాదు కాబట్టి చిన్న మట్టి కుండలో అడుగున ఇసుక పోసి తడిపి, వయల్‌ని మూత బిగించిన డబ్బాలో పెట్టి కుండలో ఉంచండి, నీడలో. ఇసుక ఆరకుండా చూడాలి. బండి డిక్కీలో, బస్సు డ్యాష్‌బోర్డు మీద పెట్టి తీసుకెళ్లొద్దు, చేతి సంచీలో తడిగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టుకోండి. నీళ్లలా తేటగా ఉండాల్సిన రకం మబ్బుగా మారితే, తెల్లటి రకంలో కలిపినా కరగని పలుకులు కనిపిస్తే ఆ వయల్ పడేయండి. ఏ రకమో పేరు చెబితే ఇంకా కచ్చితంగా చెబుతాను.

మెదక్_టు_కూకట్‌పల్లి | గురువారం మధ్యాహ్నం 2:31

తెల్లటిదే అన్నా, 30/70 అని ఉంది. ఎర్ర మూత సిరంజే వాడుతున్నం, ఇప్పుడే చూసిన.

ఫార్మసీ_శ్రీను | గురువారం మధ్యాహ్నం 2:36

సీసా మీద 40 అని ఉంటే సరైనదే. ఇంజెక్షన్‌కి ముందు సీసాని కుదపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించమనండి, అంతా ఒకే తెలుపు అయ్యేదాకా. అమ్మకి అక్కడ ఎవరు చేస్తారు ఇంజెక్షన్? వాళ్లనే ఒకసారి ఇటు తీసుకురండి, సిస్టర్ దగ్గర చేయించి చూద్దాం.